బల్ల గుడ్డ నాలుగు మూలలు

ఆదిలక్ష్మి గుడ్డ అంచున సూదిమొనతో ఒక్క పోగును లేపి, రెండు వేళ్ళతో పట్టుకుని మెల్లగా లాగడం మొదలుపెట్టింది. గట్టిగా గుంజితే తెగిపోతుంది. గుడ్డను ఒక చేత్తో వెనక్కి జరుపుతూ, రెండో చేత్తో పోగును బతిమాలుతున్నట్టు తీయాలి. అది పోయిన చోట గుడ్డలో సన్నని గీత పడుతుంది. ఆ గీత వెంట కత్తెర నడిపితే అంచు ఎన్ని ఉతుకులకైనా వంకర పోదు. చాక్ ముక్కతో గీసిన గీతకు ఆ భరోసా లేదు. ఇది ఆమెకు ఎవరూ నేర్పలేదు. పెళ్ళయిన కొత్తలో పాత రవికెలు విప్పి, కుట్టి, మళ్ళీ విప్పి తనంతట తాను పట్టుకున్నది.

గుడ్డ తెల్ల పాప్లిన్. గడివేముల దగ్గర ఒక పల్లెలో పాత చర్చి పడగొట్టి కొత్తది కట్టారు. ఈ ఆదివారమే తెరుస్తున్నారు. లోపల ప్రభువు బల్ల మీద పరిచేందుకు కొత్త గుడ్డ కావాలి. అదే ఇది.

"ఏందీ, ఇంకా పోగు కాడనే ఉండావా?" ముందు గదిలోంచి జగన్నాథం కేక వేశాడు. అతను ఆమె భర్త. ఆళ్ళగడ్డ బజారులో తాతల నాటి బట్టల అంగడి అతనిది. వెనక గదిలో కుట్టు మిషన్ ఆమెది. "శనివారం పరీక్ష అంటివి. పుస్తకం తెరిచింది చూడలే నేను."

"ఇది కూడా చదువేలే."

"ఔనౌను. ఉన్న దేవుళ్ళు చాల్లేదని మిగిలినోళ్ళ లెక్క తీసేదానికి నంద్యాలకు పోతాండావ్ గదా."

"మీకు కుళ్ళు. ఒక్కరోజన్నా కాలేజీ మెట్టు ఎక్కింటే తెలిసేది."

"ఎక్కినా కదే! యూనిఫారం గుడ్డ ఆర్డరు కోసం రెండు మాట్లు ఎక్కినా."

ఆమె నవ్వి, రెండో అంచున ఇంకో పోగు లేపింది.

ఆదిలక్ష్మి పుట్టిల్లు బనగానపల్లె. తండ్రి పూత మీదనే మామిడి తోటలు మాట్లాడుకుని, కాయ దిగినాక అమ్ముకునే వ్యాపారి. పది పాసైన ఏడాదే ఆమెకు పెళ్ళి చేశారు. కాలేజీలో చేరాలని ఉందని ఆమె చెప్పనూ లేదు, ఎవరూ అడగనూ లేదు. అత్తగారింట్లో అంగడి వెనక గదిలో దుమ్ము పట్టిన మిషన్ ఒకటి ఉండేది. కొన్నాళ్ళు దాన్ని చూస్తూ ఊరుకుంది. ఒకరోజు ఎవరినీ అడక్కుండా నూనె పోసి తొక్కింది. తర్వాత ఆ గదిలోంచి ఎన్ని రవికెలు, ఎన్ని బడి చొక్కాలు, ఎన్ని దేవుడి పరదాలు బయటికి వెళ్ళాయో ఆమెకే తెలియదు. కూతుళ్ళిద్దరూ చదివి ఉద్యోగాలకు వెళ్ళాక వాళ్ళ పుస్తకాలు అటక మీదికి ఎక్కిస్తూ, నిచ్చెన మీదే కూర్చుని ఒకటి చదివేసింది. సెలవుకు వచ్చి అది చూసిన పెద్ద కూతురు భార్గవి అప్లికేషన్ నింపి దూరవిద్యలో బి.ఏ.కి చేర్చింది.

ఇప్పుడు ఒక్క పేపరు మిగిలింది. పేరు ప్రపంచ మతాలు. యూనివర్సిటీ వాళ్ళు వేసవిలో మాత్రమే దాన్ని చెబుతారు. తరగతులు నంద్యాలలో ఒక కాలేజీలో. ఇంకే పేపరూ వేసవిలో కుదరలేదు కాబట్టి ఆమె దాన్ని తీసుకుంది. మతం మీద మోజుతో కాదు. ఆ మాటే మొదటి రోజు తరగతిలో కూడా చెప్పింది.

ఆ రోజు జీవన్ కుమార్ సార్ అందరినీ ఒకటే ప్రశ్న అడిగాడు. సన్నగా, చెమటకు అంటుకున్న చొక్కాతో, చేతిలో ఎప్పుడూ నీళ్ళ సీసాతో ఉండే మనిషి. "మీరు రోజూ చేసే పనుల్లో మతానికి సంబంధించింది ఒకటి చెప్పండి" అన్నాడు. ఒకరు నమాజు అన్నారు, ఒకరు సంధ్యావందనం అన్నారు, ఒకరు ఉపవాసం అన్నారు. ఆదిలక్ష్మి వంతు వచ్చింది.

"నేనేం చెయ్యను సార్. శనివారం దీపం పెడతా. మిగతా దినాలు మిషన్ తొక్కేదే."

అందరూ నవ్వారు. సార్ కూడా నవ్వి, "సరేనమ్మా. వేసవి అయిపోయేలోపు ఇంకోసారి అడుగుతా" అన్నాడు.

పక్క బెంచీ మీద కూర్చున్న అమ్మాయి నవ్వు ఆపుకోలేక కొంగు అడ్డం పెట్టుకుంది. ఆమె రూతు. గడివేముల దగ్గరి పల్లెలో అంగన్‌వాడీ టీచరు. సూపర్‌వైజరు కావాలంటే డిగ్రీ కావాలని చదువుతోంది. మధ్యాహ్నం ఇద్దరూ వరండాలో కూర్చుని టిఫిన్ డబ్బాలు తెరిచారు. ఈమె ఉగ్గాని ఆమెకు వెళ్ళింది, ఆమె జొన్నరొట్టె ఈమెకు వచ్చింది.

"ఆళ్ళగడ్డలో మీది యా అంగడి అక్కా?"

ఆదిలక్ష్మి చెప్పింది.

రూతు రొట్టె తుంచడం ఒక్క క్షణం ఆపింది. "మా భారతమ్మవ్వ పుట్టిల్లు ఆ పక్కనే. మీ అంగడి మాట చెప్పేది."

"మంచిగానే చెప్పేదా?"

"గుడ్డ మంచిదని చెప్పేది" అని రూతు నవ్వేసింది.

ఆ రోజు నుంచి ఎవరు ముందు వస్తే వాళ్ళు రెండో వాళ్ళకు ఫ్యాను కింద చోటు పట్టేవాళ్ళు. ఆళ్ళగడ్డలో ఆదిలక్ష్మికి తెలిసినవాళ్ళకు కొదవ లేదు. అందరూ కొలతలు ఇచ్చేవాళ్ళో, బంధువులో. కొలత తీసుకోకుండా, వరస కలపకుండా దగ్గరైన మనిషి ఆమె జీవితంలో రూతు ఒక్కతే.

చదువు ఆమెకు గుడ్డ దారినే ఎక్కింది. బౌద్ధ భిక్షువు వస్త్రాన్ని ముక్కలుగా కోసి, వరిమళ్ళ గట్లలాగా అతుకులు వేసి కుడతారని సార్ బోర్డు మీద గీసి చూపించాడు. ఆమె ఆ బొమ్మను అలాగే నోట్సులో దింపుకుంది. మక్కాకు వెళ్ళే మగవాళ్ళు కుట్టు పడని రెండు తెల్ల గుడ్డలు కట్టుకుంటారని విన్నప్పుడు, "ఒక్క కుట్టు కూడానా సార్?" అని అడిగింది. యూదులు ప్రార్థనకు కప్పుకునే శాలువా నాలుగు మూలలకూ ముడులు వేసిన దారాలు ఉంటాయని చెప్పిన రోజు ఇంటికి వచ్చి, పాత తువ్వాలు మూలకు అలాంటి ముడులు వేసి చూసింది. జగన్నాథం ఆ తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ, "ఇప్పుడు నేను యే మతంలో ఉండానో చెప్పు" అన్నాడు.

వేసవి సగం దాటాక రూతు బల్ల గుడ్డ మాట ఎత్తింది.

"నువ్వు కుట్టిస్తావా అక్కా? గుడ్డ మేమే తెచ్చినాం. నేనే ముట్టి చూసి ఏరినా."

"దానికి అడగల్నా? ఇయ్యి."

"మా పెదనాయన ఒప్పుకోలే మొదట." రూతు పెదనాయన ఇమ్మానుయేలు ఆ చర్చి సంఘానికి పెద్ద. "వాళ్ళతో మనకెందుకు, కర్నూల్లో రెడీమేడు దొరుకుతాది అన్న్యాడు. ఆయమ్మ నాతో కలిసి చదువుతాండాది, మన సంగతి తెలుసుకొని కుడతాది అని చెప్పినా. సరే నీ మాట మీద ఇస్తాండాం అన్న్యాడు."

ఆ చివరి మాట ఆదిలక్ష్మి మనసులో నాటుకుంది. అందుకే ఆ గుడ్డకు మిషన్ తగలనివ్వలేదు. అంచు చుట్టూ పోగులు తీసి, మిగిలిన పోగులను చిన్న చిన్న కట్టలుగా ముడివేసి, నిచ్చెన మెట్లలా గళ్ళు తెచ్చింది. ముందు వేలాడే భాగంలో తెలుపు మీద తెల్ల దారంతోనే చిన్న సిలువ కుట్టింది. దూరం నుంచి చూస్తే కనబడదు. వెలుతురు పక్క నుంచి పడితే పైకి లేస్తుంది. ఒకసారి కుట్టింది ఒక పక్క కాస్త లావుగా వచ్చిందని విప్పి మళ్ళీ కుట్టింది. గురువారం సాయంత్రం చివరి ముడి వేసి, దారం పంటితో కొరికి, గుడ్డ ఒళ్ళో పరచుకుని చూసుకుంది. తృప్తిగా అనిపించింది.

మిషన్ బల్ల మీద కుడివైపు ఇత్తడి భరిణ ఉంటుంది. అత్తగారి కాలం నుంచి అక్కడే ఉంది. అందులో తడి పసుపు. ఆ ఇంట్లోంచి కొత్త గుడ్డ ఏదీ పసుపు బొట్టు లేకుండా బయటికి పోదు. చీరకు కొంగు మూల, రవికెకు లోపలి మడత, బడి చొక్కాకు కాలరు కింద. బజారులో అందరికీ అలవాటే, శెట్టిగారి పసుపు అంటారు. ఎవరూ ఏమీ అనుకోరు. ఆదిలక్ష్మి రేపటి బస్సు గురించి ఆలోచిస్తోంది. ఆమె బొటనవేలు దానంతట అది భరిణలోకి వెళ్ళింది, నాలుగు మూలలా నాలుగు బొట్లు పెట్టింది. ఆరనిచ్చి, మడిచి, పాత లుంగీ ముక్కలో చుట్టి సంచిలో పెట్టింది.

శుక్రవారం మధ్యాహ్నం వరండాలో రూతు చేతులు రెండుసార్లు కడుక్కుని, తుడుచుకుని, మూట విప్పింది. ముందు మడతలో సిలువ కనబడింది.

"అక్కా..." అంది. గళ్ళ అంచును వేలితో తడిమింది. కళ్ళు మెరిశాయి. గుడ్డను పూర్తిగా తెరిచింది. ఆమె చేతులు అక్కడే ఆగిపోయాయి.

"ఇదేంది?"

ఆదిలక్ష్మి వంగి చూసింది. "పసుపు."

"పసుపని నాకూ తెల్సు. ఎందుకు పెట్టినావంటాండా."

"పెట్టాలని పెట్టలే రూతూ. చెయ్యి అలవాటు. ప్రతి గుడ్డకూ..."

"ప్రతి గుడ్డకా? మేం ముట్టిన గుడ్డకా?"

ఆదిలక్ష్మికి ఆ ప్రశ్న అర్థం కాలేదు. రూతు గొంతు తగ్గించింది. తగ్గిన కొద్దీ అది గట్టిపడింది.

"మా అవ్వ మీ అంగడి మెట్టు ఎక్కలేదక్కా ఎప్పుడూ. కింద నిలబడి అడిగేది. గుడ్డ పైనుంచి వేసేవాళ్ళు. దుడ్లు మెట్టు మీద పెడితే పసుపు నీళ్ళు చల్లి తీసుకునేవాళ్ళు. నువ్వు అట్ల కాదని, చదువుకుంటాండావని, మా పెదనాయనకు నేను మాటిచ్చినా. ఇప్పుడు నేను ముట్టిన గుడ్డకు నాలుగు మూలలా పసుపు పెట్టి తెచ్చినావ్. ఆయప్పకు ఏం చెప్పల్ల?"

ఆదిలక్ష్మి నోరు తెరిచింది. అలా కాదు అనాలి. కానీ అలా కాదని ఆమెకు ఏం తెలుసు? అత్త పెట్టింది, తనూ పెట్టింది. ఎందుకని ఒక్కసారి కూడా అడగలేదు.

రూతు గుడ్డ తీసుకుని కుళాయి దగ్గరికి పరుగెత్తింది. "సబ్బు తగలనీకు!" అని ఆదిలక్ష్మి వెనకనుంచి అరిచేసరికే ఆలస్యమైంది. రూతు ఒక మూలను సబ్బుతో రుద్దేసింది. పసుపు బొట్టు ఎర్రగా తిరిగి, రుద్దిన మేరా పాకింది. రూతు ఆ మూలను పట్టుకుని అలాగే నిలబడిపోయింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"ఇంక ఇది పనికిరాదు. రెడీమేడే తెచ్చుకుంటాంలే."

"ఇటియ్యి" అంది ఆదిలక్ష్మి. "రేపు సాయంత్రం దాకా టైము ఇయ్యి నాకు. పసుపుకు ఎండంటే భయం. తడిపి ఎండలో పెడితే పోతాది. ఇది పోలేదంటే నేనే మీ పెదనాయన ముందర నిలబడి చెప్తా, తప్పు నాదని."

రూతు ఒప్పుకున్నట్టు తల ఊపలేదు. గుడ్డ మాత్రం ఇచ్చేసింది. మధ్యాహ్నం తరగతిలో ఇంకో వరసలో కూర్చుంది.

ఇంటికి వచ్చీ రాగానే ఆదిలక్ష్మి మిద్దె ఎక్కింది. నాలుగు మూలలూ చల్లని నీళ్ళతో జాడించింది. ఎర్రబడిన మూలకు నిమ్మకాయ పిండితే మళ్ళీ పసుపుకు తిరిగింది. పిట్టగోడ మీద శుభ్రమైన దుప్పటి పరిచి, దాని మీద గుడ్డ వేసి, మూలలను ఎండకు పెట్టింది. ఆరిపోతే మళ్ళీ తడిపింది. పొద్దు వాలేసరికి మూడు బొట్లు నిమ్మపండు రంగుకు దిగాయి. నాలుగోది అలాగే ఉంది.

జగన్నాథం టీ గ్లాసులతో పైకి వచ్చాడు. విషయం విని ఒక గ్లాసు ఆమె పక్కన పెట్టాడు.

"ఏమండీ, నిజమేనా? మామ కాలంలో దుడ్ల మీద పసుపు నీళ్ళు చల్లేవాళ్ళా?"

"గల్లాపెట్టె పక్కన చెంబు ఉండేది" అన్నాడు గ్లాసులోకి చూస్తూ. "చిన్నప్పుడు నేను దాంట్లో పడవలు వేసి తన్నులు తిన్నా. అందరి దుడ్ల మీదా చల్లేది కాదు మా నాయన."

"ఈ భరిణ?"

"అది మాయమ్మ పెట్టింది. శుభం అనేది. రెండూ ఒకటో వేరో, నన్నడిగితే నేనేం చెప్పేది? పసుపు ఒకే డబ్బాలోంచి తీసేవాళ్ళు, అంతే నాకు తెలిసింది."

ఆమె గుడ్డ మడిచి కిందికి తెచ్చింది. మర్నాడు శనివారం, ఆఖరి తరగతి. వేసవి అంతా నేర్చుకున్నదాన్ని ఒక్కొక్కరూ లేచి నిలబడి చెప్పాలి. మార్కులు దానికే. ఆ రోజు రానివాళ్ళు మళ్ళీ వచ్చే వేసవి దాకా ఆగాలి.

"నేను పోనులే" అంది రాత్రి అన్నం వడ్డిస్తూ. "గుడ్డ కాడ ఎవరన్నా ఉండాల. ఎండలో ఆరనిస్తే రంగు పోదు."

"నువ్వు పో. నేను చూసుకుంటా."

"అంగడి?"

"మూసేస్తా."

ఆదిలక్ష్మి గరిటె పట్టుకుని అతని మొహంలోకి చూసింది. మామ చనిపోయిన రోజు కూడా మధ్యాహ్నం దాకా తెరిచి ఉన్న అంగడి అది.

"ఏం చూస్తావ్? నీళ్ళు చల్లేది మా వంశానికి కొత్తనా?" అన్నాడు. ఇద్దరికీ నవ్వు వచ్చింది, వెంటనే ఆగిపోయింది.

పొద్దున్నే ఆమె అతనికి పని చూపించింది. రుద్దకూడదు. పిండకూడదు. చెయ్యి కడుక్కోకుండా ముట్టకూడదు. మూల ఆరుతున్నట్టు అనిపిస్తే వేళ్ళతో నీళ్ళు చిలకాలి. గళ్ళ అంచు మీద బరువు పెట్టకూడదు. అతను ప్రతిదానికీ "ఊ" అన్నాడు. ఆమె మెట్లు దిగుతుంటే వెనకనుంచి, "భయపడాకు, బొట్టు పెట్టన్లే!" అన్నాడు.

బస్సు శిరివెళ్ళ దాటుతుంటే కిటికీలోంచి వేడిగాలి మొహాన కొట్టింది. మిగతా రోజుల్లో ఆ గాలిని తిట్టుకునేది. ఇవాళ ఇంకా కాయనీ అనుకుంది. కానీ నంద్యాల దగ్గర పడేసరికి పడమట మబ్బు తునక కనబడింది. ఆమె దాన్నే చూస్తూ దిగాల్సిన స్టాపు దాటబోయింది.

తరగతిలో రూతు ముందు వరసలో ఉంది. వెనక్కి తిరగలేదు. ఆదిలక్ష్మి బౌద్ధుల వస్త్రం గురించి చెప్పాలని రాసుకున్న కాగితాలు బెంచీ మీదే వదిలి లేచింది.

"సార్, మొదటి దినం మీరొక ప్రశ్న అడిగినారు. నేను ఏమీ చెయ్యనని చెప్పినా. అది తప్పు సార్."

జీవన్ కుమార్ సీసా మూత బిగించి పక్కన పెట్టాడు.

ఆమె భరిణ గురించి చెప్పింది. చెయ్యి తనకు తెలియకుండా చేసే పని గురించి చెప్పింది. చర్చి గుడ్డకు నాలుగు మూలలా బొట్లు పెట్టిన సంగతి చెప్పింది. ఎవరి చర్చి అన్నది చెప్పలేదు. కొందరు నవ్వారు.

"నవ్వు వచ్చేదే. నాకూ నవ్వొచ్చుండేది, అంతటితో అయిపోయింటే. శుభానికని మా అత్త చెప్పేది. అదే ఇంట్లో, అదే డబ్బాలోంచి పసుపు తీసి, మెట్టు కింద నిలబడినోళ్ళ దుడ్ల మీద నీళ్ళు చల్లేవాళ్ళంట. నిన్ననే తెలిసింది నాకు. నేను పెట్టేది శుభానికే. కానీ ఆ గుడ్డ అందుకున్న మనిషికి అట్ల కనపడాల్నని యాడ ఉండాది? మా పసుపు వాళ్ళకు ఇంకో మాట చెప్తాండాది, వాళ్ళ అవ్వ కాలం నుంచీ. నేను ఇన్ని మతాలు చదివినా సార్, నా బొటనవేలి కింద ఉండేది చూడలే. రెండూ ఒకటేనా వేరేనా అనేది నాకింకా తెలీదు. తెలీదు అనేదే నేను నేర్చుకున్నది."

ఆమె కూర్చుంది. "నాక్కూడా తెలీదమ్మా" అన్నాడు జీవన్ కుమార్. "రాసి పంపు. నేను చదవాలి." తర్వాత ఇంకొకరిని పిలిచాడు.

రూతు తన వంతు వచ్చినప్పుడు అంగన్‌వాడీ పిల్లల పండుగల గురించి చెప్పింది. ఒకటి రెండుచోట్ల తడబడింది. గంట కొట్టాక ఆదిలక్ష్మి సంచి సర్దుకుంటుంటే ఎవరో పక్కన నిలబడ్డారు.

"పోయిందా?" అంది రూతు.

"మూడు పోతాండాయి. నాలుగోది తెలీదు. మా ఆయన్ను కాపలా పెట్టి వచ్చినా."

"శెట్టిగారినా? అంగడి?"

"మూసినాడు."

రూతు కాసేపు బయటి వెలుతురు వైపు చూసింది. "మబ్బు పడతాండాది. బేగా పోదాం పా."

ఆళ్ళగడ్డలో బస్సు దిగేసరికి చినుకు పడలేదు గానీ ఎండ మసకబారింది. అంగడికి తాళం వేసి ఉండటం చూసి పక్క కొట్టు వాళ్ళు ఏమైందని అడిగారు. జగన్నాథం బయట తాళం వేసి పెరటి తలుపు గుండా లోపలికి వెళ్ళి ఉంటాడు. ఆదిలక్ష్మి తన దగ్గరున్న తాళంచెవితో తీసి లోపలికి వెళ్ళింది. వెనక్కి తిరిగి చూస్తే రూతు ఇంకా వీధిలోనే ఉంది. అంగడి ముందరి రాతి మెట్టును చూస్తోంది. నడిమధ్యలో అరిగి గుంట పడిన మెట్టు అది.

ఆదిలక్ష్మి తలుపు పట్టుకుని నిలబడింది. రూతు చెప్పులు విడవబోయి, విడవకుండా, మెట్టెక్కి లోపలికి వచ్చింది.

మిద్దె మీద జగన్నాథం స్టూలు వేసుకుని కూర్చున్నాడు. తల మీద తడి తువ్వాలు, ఒక చేతిలో గొడుగు, రెండో చేతిలో చెంబు. గొడుగు తన మీద పట్టుకోలేదు. గాలికి దుమ్ము రాకుండా గుడ్డకు అడ్డం పట్టాడు. మొహం ఉడికిన టమాటాలా ఉంది.

"వచ్చినారా తల్లుల్లారా! ఇంకో గంట ఉంటే నేనే తెల్లబడిపోయేటోణ్ణి. చూడండి, చూడండి."

ఆదిలక్ష్మి మోకాళ్ళ మీద కూర్చుని మూలలు ఒక్కొక్కటే వేలి మీదికి తీసుకుంది. మొదటిది తెలుపు. రెండోది తెలుపు. మూడోది తెలుపు. నాలుగోదాన్ని వెలుతురుకు పట్టి చూసింది. నేరుగా చూస్తే ఏమీ లేదు. పక్కగా తిప్పితే లేత నీడ ఒకటి, తెల్ల చొక్కా మీద చాన్నాళ్ళ కిందటి మరకలాగా.

"ఇది కొంచెం ఉండాది" అంది.

రూతు పక్కన కూర్చుని చూసింది. "అది నేను సబ్బు పెట్టిందే గదా?"

"ఔ."

"అయితే ఆ మూల నాదిలే. గోడ తట్టుకు పెడతా. మా పెదనాయనకు ఎట్లాగూ దగ్గరుండేది కనపడదు, దూరముండేదే కనపడతాది." ఆ మాట అన్నాక ఆమె మొహం విప్పారింది. "ఏందన్నా, మొత్తం దినమంతా ఈడనే ఉండావా నువ్వు?"

"ఉండక? నంద్యాలకు పోయి చదువుకునే ఆడోళ్ళకు ఇంటికాడ మొగుళ్ళు ఇట్లనే చేస్తారమ్మా. మజ్జిగ తాగుతావా?"

"తాగుతా. ఆకలి కూడా ఉండాది."

జగన్నాథం మజ్జిగ కోసం కిందికి దిగాడు. వాళ్ళిద్దరూ గుడ్డను చెరో పక్క పట్టుకుని, నేలకు తగలకుండా మెట్లు దిగారు.

ఆదిలక్ష్మి ఇస్త్రీ పెట్టె వేడి చూసుకుని, పలచటి గుడ్డ అడ్డం వేసి, ముందు సిలువను వెనకవైపు నుంచి నొక్కింది. అలా నొక్కితే కుట్టు అణగదు, పైకి లేస్తుంది. తర్వాత గళ్ళ అంచు, ఒక్కో జానెడు. రూతు గోడకు ఆనుకుని మజ్జిగ తాగుతూ ఆమె చేతులనే చూసింది. బయట నాలుగు చినుకులు రాలి ఆగిపోయాయి.

మడత వేయడం అయింది. ఆదిలక్ష్మి కుడిచేయి బల్ల మీద భరిణ ఉండే చోటికి వెళ్ళింది. అక్కడ భరిణ లేదు. పొద్దున బస్సుకు బయలుదేరే ముందు తనే తీసి దీపం గూట్లో పెట్టింది. బొటనవేలు ఖాళీ చెక్క మీద ఆగింది. రూతు చూసింది. గ్లాసు కింద పెట్టింది.

ఆదిలక్ష్మి బొటనవేలును కొంగుకు తుడుచుకుంది. గుడ్డను కొత్త కాగితంలో చుట్టి, దారం కట్టి, రెండు చేతులతో పట్టుకుని రూతు చేతుల్లో పెట్టింది.

"ఫోటో తీసి పంపమ్మా!" ముందు గదిలో అంగడి తలుపులు బార్లా తెరుస్తూ జగన్నాథం అరిచాడు. "నా కష్టం గూడా ఉండాది దాంట్లో."

"గోడ తట్టు మూలది తీసి పంపుతాలే అన్నా" అంటూ రూతు మూటను గుండెకు ఆనించుకుని, గుంట పడిన మెట్టు దిగి, బస్టాండు వైపు నడిచింది.